కంటి పొరల సాక్ష్యం

కుర్చీలో కూర్చున్న మనిషి తనది త్రిపుర అన్నాడు. విశాఖ ఓడరేవులో పదకొండేళ్ళుగా మూటలు మోస్తున్నానన్నాడు. శాంభవి అతని గడ్డాన్ని మెత్తటి దిమ్మ మీద ఆనించి, "రెప్ప కొట్టకండి. నాలుగు సెకన్లు, అంతే" అంది. సన్నటి ఆకుపచ్చ కాంతి అతని కంట్లోకి వెళ్ళి వెనక్కి వచ్చింది.

తెర మీద వలయాలు పరుచుకున్నాయి. కంటి కటకం పుట్టినప్పటి నుంచీ పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది. పాత పొర కరగదు, మారదు. ఏ వారం పొరలో ఆ వారం తాగిన నీటి ఆనవాలు ఉండిపోతుంది. నీటిలో భార హైడ్రోజన్ పాళ్ళు ఊరు ఊరికీ వేరు. శాంభవి యంత్రం ఆ పాళ్ళు చదివి, ఏ వయసులో ఏ నేల నీరు తాగారో చెబుతుంది. దాని అధికారిక నామం జలలేఖిని. బయట అందరూ కంటిమిషను అనేవారు.

"సరిహద్దు దాటి వచ్చి ఆరేళ్ళ రెండు నెలలు. అంతకుముందు అవతలి నది నీళ్ళే" అని ఆమె చదివింది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు అతన్ని భుజాలు పట్టి లేపారు. అతను అధికారి వైపు కాదు, శాంభవి వైపు చూశాడు. "అమ్మా, నా భార్య కారియర్ పట్టుకుని గేటు బయట నిలబడింది. ఆమె ఇక్కడి మనిషి. ఆమెకి ఒక్క మాట చెప్పనివ్వండి" అన్నాడు. ఎవరూ చెప్పనివ్వలేదు.

నివాస నిర్ధారణ శాఖ అదనపు కమిషనర్ నరహరి చేతులు కట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. నవ్వని మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా. "బాగుంది మేడమ్. కాగితం అబద్ధం చెబుతుంది, నోరు అబద్ధం చెబుతుంది. కన్ను చెప్పదు" అన్నాడు. శాంభవి పక్కన నిలబడిన లేబొరేటరీ డైరెక్టర్ సదాశివమూర్తి తల ఊపాడు.

ఆ యంత్రాన్ని శాంభవి దీనికోసం కనిపెట్టలేదు. ఏడేళ్ళ కింద తుఫానులో మూడు వందల పైగా శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వలలు లాగి లాగి వేలిముద్రలు అరిగిపోయిన చేతులు. ఎవరు ఎక్కడివాళ్ళో చెప్పేవాళ్ళు కూడా కొట్టుకుపోయారు. అప్పుడు ఆమె మార్చురీలో నాలుగు నెలలు కూర్చుని, చనిపోయినవాళ్ళ కళ్ళు చదివి, రెండు వందల పదకొండు మందిని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు పంపింది. రెండేళ్ళ కింద నరహరి శాఖ ఆ యంత్రాన్ని తీసుకుంది. అప్పటి నుంచి అది బతికినవాళ్ళ కళ్ళు చదువుతోంది.

"వచ్చే నెల ఒకటో తారీకు నుంచి అందరికీ తప్పనిసరి" అన్నాడు నరహరి. "మొదట మన సిబ్బంది, వాళ్ళ ఇళ్ళలో ఉండేవాళ్ళు. మీ ఇంట్లో మీరొక్కరే కదా?"

"రికార్డులో అలాగే ఉంది" అంది శాంభవి.

ఆమె చెప్పింది నిజమే. రికార్డులో అలాగే ఉంది.

పెదజాలరిపేటలో మేడ మీద రెండు గదుల ఇల్లు ఆమెది. మెట్లెక్కేసరికి తెస్ఫాయే గుమ్మం ముందు గట్టు మీద కూర్చుని పడవ ఇంజన్ పంపును విప్పి ముక్కలు ముక్కలుగా గుడ్డ మీద పరిచి ఉన్నాడు. పొడుగాటి మనిషి, నెరుస్తున్న ఉంగరాల జుట్టు. ఇథియోపియా నుంచి సముద్రగర్భ శాస్త్రంలో డాక్టరేట్ చేయడానికి విశాఖ వచ్చాడు. మూడో ఏట వాళ్ళ ప్రాంతంలో యుద్ధం మొదలైంది. స్కాలర్‌షిప్ ఆగింది. వీసా గడువు తీరింది, ఆపైన పాస్‌పోర్టుది కూడా. వాళ్ళ కాన్సులేటు నీది ఏ జిల్లా అని అడిగి, చెప్పగానే ఫైలు మూసేసింది. నాలుగేళ్ళుగా అతను చట్టం లెక్కలో లేని మనిషి. చేపలరేవులో మైలపల్లి ఎర్రయ్య అనే, బోటు నడిపే సరంగు తన ఇంజన్లు చూసుకోమని పని ఇచ్చాడు. రేవులోనే తెలుగు నేర్చుకున్నాడు. అందుకే అతని మాట శాంభవి మాటలా ఉండదు, రేవు మాటలా ఉంటుంది.

"ఏటైంది? మొకం అలగుందేటి?" అన్నాడు.

ఆమె చెప్పింది. అతను చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"మరి నన్ను పట్టుకునేది నీ మిషనేనన్నమాట" అన్నాడు. నవ్వుదామని చూశాడు గానీ నవ్వు రాలేదు.

మర్నాడు డాబాగార్డెన్స్‌లో లాయరు కనకమహాలక్ష్మి గారి ఆఫీసుకు వెళ్ళారు. అరవై దాటిన మనిషి. ఇద్దరినీ చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, ముందుగా తెస్ఫాయేతో, "నా దగ్గర ఏదీ దాచకు నాయనా. అవతలవాళ్ళ దగ్గర ఎలాగూ దాచలేవు" అంది. అంతా విని మూడు వేళ్ళు చూపించింది.

"మొదటిది, తనంతట తను లొంగిపోవడం. వెళ్ళిపోవడానికి అనుమతి ఇస్తారు. వెళ్ళాక ఐదేళ్ళు రాకూడదు. తర్వాత అక్కణ్ణుంచి భార్యాభర్తల వీసాకి పెట్టుకోవచ్చు. దానికి రిజిస్టరైన పెళ్ళి కావాలి. ఉందా?"

"లేదండీ. చర్చిలో చేసుకున్నాం. పాస్‌పోర్టు గడువు తీరిందని రిజిస్ట్రారు కాగితాలు తీసుకోలేదు" అంది శాంభవి.

"గడువు తీరకముందు ఏం చేశారు?"

తెస్ఫాయే శాంభవి వైపు చూశాడు. లాయరు రెండో వేలు పట్టుకుంది.

"దాంపత్య మినహాయింపు. మూడేళ్ళు ఎడతెగకుండా ఒక కప్పు కింద కాపురం చేశామని రుజువు చేస్తే ఇక్కడే ఉండనిస్తారు. కానీ అర్జీ పెట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. కాదన్నారా, అక్కణ్ణుంచి అటే, విదేశీయుల్ని బంధించే నిలుపుదల కేంద్రానికి తీసుకుపోతారు. ఇంటికొచ్చి చెప్పులేసుకోనివ్వరు. ఇక మూడోది దాక్కోవడం. అది నేను చెప్పకూడదు. ఒకటో తారీకు తర్వాత ఆ దారీ ఉండదు."

"రుజువంటే?" అన్నాడు తెస్ఫాయే.

"ఇద్దరి పేర్ల మీద అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఫొటోలు. ఇరుగుపొరుగు సాక్ష్యం ఈ శాఖ ఒప్పుకోవడం మానేసింది."

వాళ్ళ దగ్గర ఒక్కటీ లేదు. నాలుగేళ్ళూ ఒక్క కాగితం మీద కూడా ఇద్దరి పేర్లు కలవకుండా జాగ్రత్తపడ్డారు.

"మా కళ్ళున్నాయి" అంది శాంభవి.

అర్జీ పెట్టిన తొమ్మిదో రోజున పిలిచారు. నరహరి వాళ్ళిద్దరినీ కూర్చోమనలేదు. ఫైలు తిరగేస్తూ, "రెండేళ్ళుగా నా ఎదురుగా నిలబడి రోజూ పదిమందిని పట్టించారు. ఇంట్లో మాత్రం ఒకణ్ణి దాచుకున్నారు. మీకు నిద్రెలా పట్టేది మేడమ్?" అని అడిగాడు.

"పట్టేది కాదు" అంది శాంభవి.

"నువ్వు చెప్పు. ఈవిడ కాకపోతే ఇంకెవరినైనా చూసుకునేవాడివి కదా, ఇక్కడ ఉండిపోవడానికి?"

"ఉండిపోడానికైతే ఎవుళ్ళూ గవర్మెంటు మనిషిని సేసుకోరండి. కూరలమ్మే ఆడమనిషిని సేసుకుంటారు" అన్నాడు తెస్ఫాయే.

నరహరి ఫైలు మూశాడు. పక్క గదిలో ఢిల్లీ నుంచి వచ్చిన వేరే నిపుణురాలు యంత్రం నడిపింది, శాంభవి చెయ్యి పడకుండా. ముందు అతని కన్ను, తర్వాత ఆమె కన్ను. రెండు తెరలూ పక్కపక్కన పెట్టారు. మూడేళ్ళ పదకొండు నెలలు, వారం వారం ఒకే నీరు. మునిసిపాలిటీ పైపు పగిలి ఇరవై రోజులు ట్యాంకరు నీళ్ళు తాగిన గీత ఇద్దరి కళ్ళలోనూ ఉంది. ఆమె పనిమీద నాగపూర్ వెళ్ళిన వారం ఆమెలో మాత్రమే ఉంది. ఢిల్లీ నిపుణురాలు వేలితో రెండు తెరలనూ చూపిస్తూ, "ఒకే బిందె" అంది హిందీలో.

నరహరి సంతకం పెట్టాడు. తెస్ఫాయేకి ఆరు నెలల తాత్కాలిక నివాస పత్రం. ఆ తర్వాత శాశ్వతం చేస్తారు. కాగితం శాంభవికి ఇస్తూ, "మీ యంత్రమే మీ ఆయన్ని నిలబెట్టింది. దాన్ని ఎవరూ వేలెత్తి చూపకుండా చూసుకోండి. అది నిలబడితేనే ఈ కాగితం నిలబడుతుంది" అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరూ మొదటిసారి పట్టపగలు బీచ్ రోడ్డు మీద నడిచారు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ముంతకింద పప్పు కొనుక్కుని రాళ్ళ మీద కూర్చున్నారు. చూసేవాళ్ళు చూశారు. ఒకతను స్కూటరు ఆపి, ఏ దేశంవాడివి, కాగితాలు చూపించు అన్నాడు. అతను పోలీసూ కాదు, ఎవరూ కాదు. తెస్ఫాయే జేబులోంచి నివాస పత్రం తీసి చూపించాడు. అతను అటూ ఇటూ తిప్పి చూసి, పత్రాన్ని చేతికివ్వకుండా రాయి మీద పడేసి వెళ్ళిపోయాడు. తెస్ఫాయే దాన్ని తీసి, మడత పెట్టి, "చూపించడానికి ఉంది గదా. అదే సాలు" అన్నాడు.

మూడు వారాలకు శాఖవాళ్ళు చేపలరేవులో శిబిరం పెట్టారు. తుఫానులో కాగితాలు పోయినవాళ్ళందరూ కన్ను చూపించాలి. ఆ పని శాంభవికి ఇవ్వలేదు. అర్జీ పెట్టాక ఆమెకు లేబొరేటరీ బయటి పనులేవీ అప్పగించడం లేదు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి మెట్ల మీద ఎర్రయ్య భార్య పోలమ్మ కూర్చుని ఉంది. జుట్టు విడిపోయి ఉంది. తెస్ఫాయే ఆమె పక్కన నిలబడి ఉన్నాడు.

"మా ఆయన్ని లాక్కుపోనారు" అంది పోలమ్మ. "పదకొండేళ్ళు పైదేశంలో ఉన్నాడట. గల్ఫు దేశపు నీల్లు తాగీసినాడట. దొంగతనంగా వొచ్చినాడట. ఈ ఒడ్డునే పుట్టినోడమ్మా ఆడు. ఈ ఇసకలోనే మా అత్త ఆణ్ణి కన్నాది. నీ మిషనేటి సెప్పింది, సెప్పు!"

"నేను చూడలేదు పోలమ్మా. రేపు చూస్తాను."

"సూడ్డమేటి? నీ మొగుడు నిజంగా పైదేశపోడు. ఆణ్ణి ఉంచీసినారు. నా మొగుడు ఇక్కడోడు. ఆణ్ణి గెంటీసినారు. ఇదేటి నాయం?" పోలమ్మ లేచి, తెస్ఫాయే వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది.

అతను తలుపు వేశాడు. "నీ మిషను తప్పు సెప్తాదా?" అని అడిగాడు.

"చెప్పదు" అంది శాంభవి.

అలా అన్నప్పుడే ఆమెకు అనుమానం ఉంది. మర్నాడు లేబొరేటరీలో ఎర్రయ్య వలయాలు తెరిచింది. ముప్పై రెండేళ్ళ వరకు విశాఖ నీరు. ఆ తర్వాత పదకొండేళ్ళు, ఏటా తొమ్మిదేసి నెలలు, భార హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న నీరు. సముద్రపు నీటిలోంచి ఉప్పు తీస్తే వచ్చే నీరు. గల్ఫు దేశాల్లో కుళాయిల్లో వచ్చేది అదే. పదేళ్ళకు పైగా పైదేశంలో ఉండి కాగితాల్లేకుండా తిరిగొచ్చినవాడు, ఇక్కడ పుట్టినా సరే, శాఖ నియమం ప్రకారం విదేశీయుడే. కానీ ఎర్రయ్య ఆ పదకొండేళ్ళూ గుజరాత్ తీరంలో పెద్ద బోట్ల మీద పనిచేశాడు. నెలల తరబడి నడిసముద్రంలో ఉండే ఆ బోట్ల మీద ఉప్పు తీసే యంత్రం ఉంటుంది. సిబ్బంది తాగేది ఆ నీరే. ఇంటికొచ్చి సొంత బోటు కొనుక్కుని ఐదేళ్ళయింది. యంత్రానికి బోటేదో, దేశమేదో తెలియదు. నీరు మాత్రమే తెలుసు.

ఆమెకు ఇది కొత్త సంగతి కాదు. రెండేళ్ళ కింద శాఖకు ఇచ్చిన నివేదికలో ఈ పొరపాటు వచ్చే వీలుందని ఒక పేరా రాసింది. సదాశివమూర్తి పిలిచి, "ఇలాంటివాళ్ళు దేశంలో ఎంతమందుంటారమ్మా? ఈ ఒక్క పేరా చూసి మొత్తం పక్కన పెట్టేస్తారు" అన్నాడు. ఆమె తీసేసింది. అప్పుడామె మనసులో ఉన్నది శవాలకు పేర్లు ఇచ్చిన తన యంత్రం ముందుకు పోవాలనే. జాలరిపేటలో కాపురముంటూ జాలర్ల గురించి ఆలోచించలేదు.

ఇంటికొచ్చి తెస్ఫాయేకి మొత్తం చెప్పింది. అతను అంతా విని, "మరి ఎల్లి సెప్పు" అన్నాడు.

"ఏమని చెప్పను? యంత్రం నమ్మదగ్గది కాదని చెబితే నీ పత్రం ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"తెలిసి చెప్పమంటావా? వాళ్ళు నిన్ను పంపించేస్తారు. అక్కడ దిగగానే నీ జిల్లా పేరు చూసి తుపాకీ చేతికిస్తారు, లేకపోతే నీ మీదికే గురిపెడతారు. ఎర్రయ్య తరఫున లాయరుతో మాట్లాడదాం. వేరే రుజువులు వెతుకుదాం. యంత్రం జోలికి పోకుండా చేద్దాం."

"ఏ రుజువులు? ఆళ్ళ కాగితాలు తుఫానులో పోనాయి. నోటి సాచ్చికం ఒప్పుకోరు. ఆ లాయరమ్మే సెప్పినాది." అతను గొంతు పెంచాడు. నాలుగేళ్ళలో అతను ఆమె మీద గొంతు పెంచడం అదే మొదలు. "నన్ను గెంటీస్తే నాకు పోడానికి ఒక దేశముంది. బతికుంటే తిరిగొస్తాను. ఎర్రయ్యని ఏ దేశానికి పంపుతారు? ఆడికి ఇంకో దేశమేదీ? సచ్చీదాకా ఆ కేంద్రంలోనే ఉంటాడు!"

"నేను నీ గురించి ఆలోచిస్తున్నాను!"

"నా గురించా?" అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "నా వీసాకి ఇంకా ఎనిమిది నెలలు ఉన్నప్పుడు నిన్ను అడిగినాను. పద, రిజిస్టరాఫీసుకి ఎల్దామని. నువ్వేటన్నావు? పైదేశపోణ్ణి సేసుకుంటే ఈ ప్రాజెక్టు నాకివ్వరు, ఆర్నెల్లు ఆగు అన్నావు. ఆగినాను. యుద్ధమొచ్చీసింది. అప్పుడూ ఈ మిషనే. ఇప్పుడూ ఈ మిషనే."

ఆ మాట ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడం వల్ల మరిచిపోయాడనుకుంది. ఆమెకు కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసినప్పుడు వచ్చే కోపం. "అయితే వెళ్ళు! నీకు నా దగ్గర ఉండాలని లేదు, అందుకే ఇదంతా" అని అరిచింది. అతను చాప తీసుకుని గట్టు మీదికి వెళ్ళిపోయాడు. తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

ఐదో రోజు ఉదయం శాంభవి లేబొరేటరీకి బయలుదేరి, బస్సు దిగి, నిలుపుదల కేంద్రానికి వెళ్ళింది. ఎర్రయ్య ఊచల అవతల నేల మీద కూర్చుని ఉన్నాడు. వారంలో పదేళ్ళు మీదపడినట్టున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"తెస్ఫా బాబు బాగున్నాడా? ఆడి కాగితం ఆడికొచ్చీసిందంట గదా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె వెతికింది. లేదు.

"ఎర్రయ్యా, గుజరాత్‌లో మీ బోటు మీద నీతో పాటు ఎంతమంది ఉండేవారు?"

"తొమ్మండుగురుండీవోరండి. అందరం ఇక్కడోళ్ళమే."

"వాళ్ళకి కాగితాలున్నాయా?"

"ఉన్నాయండి. ఆళ్ళిళ్ళు మెరక మీదున్నాయి. నాదే ఒడ్డునున్నాది."

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా రేవుకు వెళ్ళింది. తెస్ఫాయే ఒక ఇంజన్ మీద వంగి ఉన్నాడు. ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. "ఎర్రయ్యతో పనిచేసిన తొమ్మిదిమంది కావాలి. అందరి కళ్ళూ చదవాలి. కాగితాలు పక్కాగా ఉన్నవాళ్ళను కూడా యంత్రం పైదేశంవాళ్ళంటే ఇక ఎవరూ కాదనలేరు" అంది. అతను చేతులు తుడుచుకుని లేచాడు.

ఆ తొమ్మిదిమందీ ముందు రామన్నారు. మమ్మల్నీ ఎత్తుకుపోతే మా పిల్లలకెవరు దిక్కన్నారు. తెస్ఫాయే చెప్పినా వినలేదు, శాంభవి మాట అసలే వినలేదు. "కళ్ళు పీకీసే మనిషి" అని ఒకతను ఆమె ముఖం మీదే అన్నాడు. చివరికి పోలమ్మ వచ్చింది. గంప కింద పడేసి, "పదకొండేళ్ళు ఒక బోటు మీద కూడు తిన్నారు. ఇయాల ఆడు ఎవుడో మీకు తెల్దా? రాకపోతే రాకండి, మీ పెళ్ళాల చీరలు కట్టుకుని ఇంట్లో కూకోండి!" అని అందరినీ పేరు పేరునా తిట్టింది. తొమ్మిదిమందీ వచ్చారు.

ఎర్రయ్య తరఫున కనకమహాలక్ష్మి గారే నిలబడ్డారు. ట్రిబ్యునల్‌లో విచారణ జరిపిన రిటైర్డ్ జడ్జి గారి ఎదుట యంత్రం పెట్టారు. శాంభవి సాక్షి బోను ఎక్కగానే ఆవిడ దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇంకా దిగిపోవచ్చు తల్లీ. ఇదయ్యాక మీ అర్జీ నా చేతిలో ఉండదు" అంది. శాంభవి తల అడ్డంగా ఊపింది.

ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిదిమందినీ యంత్రం విదేశంలో పదేళ్ళకు పైగా ఉన్నట్టు చూపించింది. వాళ్ళలో ఒకతను రెండుసార్లు వార్డు మెంబరు. ఇంకొకతని తమ్ముడు హాలు తలుపు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబులే. హాలులో గుసగుసలు మొదలయ్యాయి.

నరహరి లేచాడు. "ఈ సాక్షి ఈ యంత్రాన్ని కనిపెట్టిన మనిషి. రెండేళ్ళు దీన్ని పొగిడిన మనిషి. ఇదే యంత్రం సాక్ష్యంతో తన భర్తకు నివాస పత్రం తెచ్చుకుంది. ఇప్పుడు తప్పంటోంది. అప్పుడు అబద్ధమాడిందా, ఇప్పుడు అబద్ధమాడుతోందా?"

"అప్పుడు" అంది శాంభవి. "నివేదికలో ఈ లోపం గురించి రాసి, తీసేశాను. ఎవరు తీసెయ్యమన్నా తీసేసింది నా చెయ్యే."

వెనక వరుసలో సదాశివమూర్తి తల దించుకున్నాడు.

జడ్జి గారు ముందుకు వంగారు. "యంత్రం మీద ఇచ్చిన నిర్ణయాలన్నీ నిలిపేయమంటే మీ భర్త పత్రం కూడా పోతుంది. తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"ఆయనకు తెలుసా?"

శాంభవి వెనక్కి తిరిగి చూసింది. తెస్ఫాయే పోలమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. "ఆయనే వచ్చి చెప్పమన్నారండి" అంది.

ఎర్రయ్యను ఆ సాయంత్రమే వదిలేశారు. దేశమంతటా యంత్రం ఆపేశారు. ఆపేసిన నిర్ణయాల్లో తనది త్రిపుర అన్న ఓడరేవు కూలీది కూడా ఉంది. అతన్ని అప్పటికే సరిహద్దు దాటించేశారని తర్వాత తెలిసింది. శాంభవిని సస్పెండ్ చేశారు. పోలమ్మ భర్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ శాంభవి ముందు ఆగింది. "ఆణ్ణి పట్టించింది నువ్వే, ఇడిపించింది నువ్వే. నిన్ను తిట్టాలో, దణ్ణమెట్టాలో నాకు తెల్దు" అని, రెండూ చేయకుండా వెళ్ళిపోయింది.

వరండాలో నరహరి ఎదురయ్యాడు. "నోరు మూసుకుని ఉంటే ఇద్దరూ ఒక ఇంట్లో ఉండేవారు" అన్నాడు.

"ఉండేవాళ్ళమే. మాట్లాడుకునేవాళ్ళం కాదు" అంది శాంభవి.

తెస్ఫాయే పత్రం రద్దయింది. మినహాయింపు అర్జీ కొట్టేశారు. కానీ కనకమహాలక్ష్మి గారు జడ్జి గారి ముందు గంటసేపు వాదించి, నిలుపుదల కేంద్రానికి పంపకుండా, నలభై రోజుల్లో తనంతట తాను వెళ్ళిపోయేలా ఉత్తర్వు తెచ్చారు. ఐదేళ్ళ నిషేధం మాత్రం తప్పలేదు. వాళ్ళ ప్రాంతానికి కాకుండా పక్క దేశంలో శరణార్థుల శిబిరం నడిపే సంస్థ ఒకటి అతన్ని తీసుకుంటానంది. అతని దేశపు కాన్సులేటు నాలుగేళ్ళుగా ఇవ్వని పత్రాన్ని శాఖ అడగగానే ఆరు రోజుల్లో ఇచ్చింది. అతన్ని పంపించడానికి ఫొటోతో, ముద్రతో, ఒక్కసారి ప్రయాణానికి చెల్లే పత్రం.

లాయరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. "ఇది గుర్తింపు పత్రం కింద చెల్లుతుంది. గడువు ఇంకా ఉంది. మీరిప్పుడే రిజిస్ట్రారు ఆఫీసుకి పదండి. నోటీసు ముప్పై రోజులు ఉండాలి. మనకి ముప్పై నాలుగున్నాయి" అంది.

ముప్పై రోజులూ వాళ్ళ పేర్లు, ఫొటోలు ఆఫీసు గోడ మీద వేలాడాయి. ఫొటో మీద ఎవరో సిరా పోశారు. మళ్ళీ అంటించారు. ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఎర్రయ్య మాట్లాడి ఆ నెల ఆపించాడు. ఇద్దరూ ఆ నెలంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నాలుగేళ్ళుగా దాటవేసినవన్నీ ఒకరినొకరు అడిగారు. కొన్నిసార్లు పోట్లాడుకున్నారు. ఒకసారి శాంభవి ఏడుస్తూ క్షమించమంది. అతను వెంటనే సరే అనలేదు. రెండు రోజుల తర్వాత పంపు బిగిస్తూ, "క్షమించీసినాను" అన్నాడు, ఇంకేదో పనిలో ఉన్నట్టు.

ముప్పై ఒకటో రోజున ఆఫీసుకు వెళ్ళారు. సాక్షులుగా లాయరమ్మ, ఎర్రయ్య వచ్చారు. మూడో సాక్షి కావాలన్నారు. ఎర్రయ్య బయటికి వెళ్ళి, గేటు దగ్గర నిలబడ్డ పోలమ్మను లోపలికి తీసుకొచ్చాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా, చూపించిన చోట వేలిముద్ర వేసి పక్కకు జరిగింది.

రిజిస్ట్రారు పత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "శుక్రవారం విమానం. ఐదేళ్ళు రాకూడదట" అన్నాడు. ఆ గొంతులో జాలి లేదు, విసుగే ఉంది. "ఎల్లుండి పోయేవాడికి ఇవాళ ఈ పెళ్ళెందుకయ్యా?"

తెస్ఫాయే అతని చేతిలోంచి కలం తీసుకున్నాడు.

"తిరిగొచ్చీడానికండి" అన్నాడు.